అయస్కాంత క్షేత్రం తగిలితే నిరోధం ఎందుకు సగమవుతుంది?

ప్రశ్న: ఇనుము, క్రోమియం పలుచని పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చి అయస్కాంత క్షేత్రంలో పెడితే విద్యుత్ నిరోధం దాదాపు సగానికి పడిపోతుందని చదివాను. మామూలు ఇనుప తీగలో ఆ మార్పు చాలా స్వల్పం కదా! పొరల్లో అంత తేడా ఎలా వస్తుంది?
- ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: క్షేత్రం ఇక్కడ చేసే పని ఒక్కటే. ఎదురెదురు దిక్కులకు తిరిగి ఉన్న ఇనుప పొరల అయస్కాంతత్వాన్ని ఒకే వైపుకు తిప్పుతుంది. మిగతాదంతా ఎలక్ట్రాన్ స్పిన్ (ఎలక్ట్రాన్‌కు పుట్టుకతోనే ఉండే, రెండే దిక్కుల్లో ఉండగల చిన్న అయస్కాంత గుణం) చూసుకుంటుంది.

పొర అయస్కాంతత్వానికి స్పిన్ కలిసిన ఎలక్ట్రాన్లకు ఒక రకం నిరోధం, కలవనివాటికి ఇంకో రకం. లెక్క కోసం 1 ఓమ్, 5 ఓమ్‌లు అనుకోండి. రెండు స్పిన్‌లవీ పక్కపక్కనే సాగే రెండు దారులు. పొరలు ఒకే దిక్కున ఉంటే ఒక దారిలో 1+1, రెండో దారిలో 5+5. సమాంతర సంధానంలో మొత్తం 1.67 ఓమ్‌లు. ఎదురెదురుగా ఉంటే రెండు దారుల్లోనూ 6 చొప్పున, మొత్తం 3. నాకు ఈ లెక్కంటే ప్రాణం. ఒక్కసారి కాగితం మీద మీరే వేసి చూడండి. 1, 10 తీసుకుంటే తేడా మూడు రెట్లు! అయితే ఎలక్ట్రాన్ స్పిన్ మారకుండా ఒక పొర నుంచి ఇంకో పొరకు చేరాలి. పొరలు నానోమీటర్ల మందానే ఉండటం అందుకే.

మీరు చదివిన "సగం" 1988లో ఫ్రాన్స్‌లోని ఓర్సేలో ఆల్బర్ట్ ఫెర్ట్ బృందం కొలిచింది. 3 నానోమీటర్ల ఇనుము, 0.9 నానోమీటర్ల క్రోమియం, 4.2 కెల్విన్ చలి, సుమారు 2 టెస్లాల క్షేత్రం. అదే కాలంలో జర్మనీలోని యూలిష్‌లో పీటర్ గ్రూన్‌బర్గ్ మూడే పొరలతో, గది ఉష్ణోగ్రత దగ్గర నిరోధంలో 1.5 శాతం మార్పు చూశారు. అంకె చిన్నదని తీసిపారేయకండి. క్రోమియం మధ్యలో ఉంటే ఇనుప పొరలు వాటంతట అవే ఎదురెదురుగా నిలుస్తాయని 1986లో చూపించింది ఆయన బృందమే. ఇద్దరికీ 2007లో నోబెల్ వచ్చింది. డేటాను చదివే హార్డ్ డిస్క్ హెడ్‌లలోకి ఈ ప్రభావం 1997లోనే చేరింది.

ల్యాబ్‌లో ఇలాంటి నమూనా చేసే అవకాశం వస్తే మధ్య పొర మందం మీద కన్నేసి ఉంచండి. మందం పెరిగే కొద్దీ పొరల అమరిక ఎదురెదురుగా, ఒకే దిక్కుగా మారిమారి వస్తుందని 1990లో ఐబీఎంలో స్టూవర్ట్ పార్కిన్ బృందం చూపింది. మొదటి నుంచీ ఒకే దిక్కున ఉన్న పొరల్లో క్షేత్రానికి తిప్పడానికేమీ మిగలదు, నిరోధం కూడా పెద్దగా కదలదు.