కిరిబాస్ దీవులకు వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి డేవిడ్‌కు మామయ్య దీవెనలు.

మన లేటర్-డే సెయింట్స్ (మోర్మన్) సంఘం నుంచి నీకు మిషన్ కాల్, అంటే మిషనరీగా వెళ్ళమన్న పిలుపు, వచ్చిన సంగతి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చెప్పిందనడం కంటే ఏడ్చిందనాలి. "మ్యాప్‌లో ఎంత వెతికినా నీళ్ళే కనపడుతున్నాయిరా, నేల ఎక్కడుంది?" అంటుంది. ఆమె తప్పేం లేదు. కిరిబాటి అంటే మొత్తం 33 దీవులు. అందులో 32 పగడపు వలయాలు, సముద్రం మీద చాలావరకు రెండు మూడు మీటర్లకు మించి లేవని నేల. దారికి ఒక పక్క నడిసముద్రం, ఇంకో పక్క లగూన్, అంటే వలయం లోపలి నీళ్ళు, చాలా చోట్ల రెండూ ఒకేసారి కనపడతాయి. అన్నట్టు, రాసేది కిరిబాటి అయినా పిలిచేది కిరిబాస్ అనే. విమానం దిగకముందే ఆ అలవాటు చేసుకో.

నేను వయసులో ఉన్నప్పుడు తిరిగిన దీవులే కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను. పద్దెనిమిదేళ్ళ కుర్రాడివి, తెల్ల చొక్కా, జేబు మీద పేరు పలక, దేవుడి పని మీద వెళ్తున్నానన్న ఊపు. అక్కడివాళ్ళకు ఏదో పంచిపెట్టి రావాలని నీకుంటుంది. కానీ మొదటి ఆర్నెల్లు నువ్వు పెట్టేవాడివి కాదు, పెట్టించుకునేవాడివి. వాళ్ళ చాప మీద కూర్చుంటావు, వాళ్ళు పట్టిన చేప తింటావు, వాళ్ళ భాషలో చంటిపిల్లాడిలా మాట్లాడతావు. కాబట్టి ఒకరింటికి చుట్టంగా వెళ్ళి భారం కాకుండా ఎలా ఉండాలో ముందు నేర్చుకో. ప్రసంగాల సంగతి తర్వాత.

సామాను గురించి ఎక్కువ చెప్పను, లిస్టు ఎలాగూ పంపుతారు. తోలు బూట్లు ఆ ఉప్పుగాలికి బూజు పట్టి పాడవుతాయి, చెప్పులు మంచివి కొను, రెండు జతలు అదనంగా పెట్టుకో. ఎందుకో తర్వాత చెప్తాను. నుదుటికి కట్టుకునే టార్చ్ ఒకటి, దోమతెర ఒకటి, గాయాలకు రాసే మందు నాలుగు ట్యూబులు. పగడపు రాయి గీసుకుంటే పైకి చిన్న గాటే కనపడుతుంది. లోపల సన్నటి ముక్కలు ఉండిపోయి వారం తిరిగేసరికి పుండవుతుంది. సిగ్గుపడకుండా ఆ రోజే సబ్బుతో రుద్ది కడుక్కో. అమ్మ ఆవకాయ పెట్టక మానదు. పెట్టనీ. కానీ ఎయిర్‌పోర్టు ఫారంలో దాచకుండా రాయి, తీసేసుకుంటే తీసేసుకుంటారు.

నీళ్ళ సంగతి మాత్రం జాగ్రత్తగా విను. అక్కడ నదుల్లేవు, మంచినీటి చెరువులు దాదాపు లేవు. వాన నీరు ఇసుకలోకి ఇంకి, అడుగున ఉన్న ఉప్పునీటి మీద పలచటి పొరలా తేలుతూ ఉంటుంది. బావి అంటే ఆ పొరలోకి తవ్విన గొయ్యి. ఎక్కువ తోడితే కింది ఉప్పు పైకి వచ్చేస్తుంది. రాజధాని ఉన్న దక్షిణ తరావాలో జనం కిక్కిరిసి ఉంటారు, ఇళ్ళ పక్కనే మరుగుదొడ్లు, అక్కడి బావినీళ్ళు నోట్లో పోసుకోకు. రేకుల మీద పడి ట్యాంకులోకి చేరిన వాన నీరే తాగాలి, అదీ కాచుకొని. ఉత్తరాన బుతారితారిలో వానలు బాగా పడతాయి కాబట్టి అరటిచెట్లు కూడా కనపడతాయి. దక్షిణపు దీవులకు పంపారో, కరువు ఏడాది ఎలా ఉంటుందో చూస్తావు. ఎక్కడున్నా స్నానానికి రెండు చెంబులతో సరిపెట్టుకో. నువ్వు ఒంపుకునే ప్రతి చెంబూ ఆ ఇంటి ఆడవాళ్ళు మోసుకొచ్చిందే.

తిండి దగ్గరికి వద్దాం. చేప, అన్నం, కొబ్బరి, మళ్ళీ చేప. సీమపనస కాలంలో అది. మన మొగలి జాతి చెట్టు పండును కూడా తింటారు, ఆ గుత్తిలోంచి ఒక్కో ముక్క విరిచి మొదలు నమిలి పీల్చాలి. బ్వబ్వాయి అనే పెద్ద దుంప ఉంటుంది. నేలలో నీరు తగిలేదాకా గొయ్యి తవ్వి, ఆకుల ఎరువు వేసి, ఏళ్ళ తరబడి పెంచుతారు. దాన్ని నీ ముందు పెట్టారంటే పండగ భోజనం పెట్టినట్టే, రుచి నచ్చకపోయినా వదిలేయకు. కాయగూరలు మాత్రం మర్చిపో.

ఇంకో ముఖ్యమైన విషయం. అక్కడ చుట్టాలకు ముందు పెడతారు, ఇంటివాళ్ళు తర్వాత తింటారు. నువ్వు, నీ కంపానియన్ (నీకు జతగా వేసే తోటి మిషనరీ) చాప మధ్యలో కూర్చుంటారు. ఒక అమ్మాయి విసనకర్రతో ఈగలు తోలుతూ ఉంటుంది. చాప అంచుకు అవతల చిన్నపిల్లలు మోకాళ్ళు పట్టుకొని కూర్చుని నీ పళ్ళెం వైపు కాదు, మధ్యలో ఉన్న గిన్నె వైపు చూస్తుంటారు. అందులో మిగిలిందే వాళ్ళ భోజనం. "ఇంకొంచెం తిను, ఇంకొంచెం తిను" అని వాళ్ళమ్మ బలవంతం చేస్తుంది, మన ఇళ్ళల్లో చేసినట్టే. మొదటిసారి వడ్డించింది శుభ్రంగా తిను, రెండోసారి కొంచెమే వేయించుకో, పెద్ద చేపముక్క గిన్నెలోనే ఉండనివ్వు. అంత చిన్న విషయం ఏ ట్రైనింగులోనూ చెప్పరు.

కల్లు గురించి నీకు వేరే చెప్పక్కర్లేదనుకుంటా, మన ఊళ్ళలో తాడి, అక్కడ కొబ్బరి. పొద్దున, సాయంత్రం మగపిల్లలు చెట్టెక్కి గీత గీస్తూ గొంతెత్తి పాటలు పాడతారు. అప్పుడే దింపింది తియ్యగా ఉంటుంది, పిల్లలకు కూడా పడతారు. దాన్ని కాచి పాకం కూడా చేస్తారు. ఎండలో ఉండి పులిస్తే మనకు పనికిరాదు. ఎవరైనా ఇస్తే ఎప్పుడు దించారని నవ్వుతూ అడుగు, వాళ్ళకు అర్థమైపోతుంది. అక్కడ మన సంఘం సంగతి అందరికీ తెలుసు, ఎవరూ నొచ్చుకోరు.

మనేబా అంటే ఊరి సభామందిరం. పెద్ద కప్పు, గోడలుండవు, చూరు నడుం ఎత్తుకే ఉంటుంది కాబట్టి వంగే లోపలికి వెళ్ళాలి. ఒక్కో కుటుంబానికి తరతరాలుగా ఒక్కో చోటు ఉంటుంది. ఖాళీగా ఉంది కదా అని ఎక్కడ పడితే అక్కడ కూర్చోకు, చూపించేదాకా ఆగు. బాసిపట్టు వేసుకొని కూర్చో, కాళ్ళు ఎదుటివాళ్ళ వైపు చాపకు. కూర్చున్నవాళ్ళ ముందునుంచి వెళ్ళాల్సొస్తే వంగి వెళ్ళు. గంటలు గంటలు అలా కూర్చుంటే మోకాళ్ళు పట్టేస్తాయి, ఇప్పటినుంచే రోజూ నేల మీద కూర్చొని తిను, డైనింగ్ టేబుల్ మానేయి. కొత్తగా ఒక దీవికి వెళ్ళినవాడు ఊరి పెద్దలకు పొగాకు ఇవ్వడం పాత ఆనవాయితీ. మనం పొగాకు ముట్టం, ఇవ్వం కూడా. అలాగని చేతులూపుకుంటూ వెళ్ళకు. బియ్యమో చక్కెరో ఏది మర్యాదో ముందురోజే అక్కడి సంఘం పెద్దాయన్ని అడిగి పట్టుకెళ్ళు. నిన్ను లేచి మాట్లాడమంటారు, ఆ తర్వాత డాన్సు కూడా చేయమనొచ్చు. చెయ్యి. నీకు రాదని వాళ్ళకు తెలుసు, అందుకే అడుగుతారు.

చెప్పుల దగ్గరికి వచ్చాను. అక్కడ బుబుటి అనే ఆచారం ఒకటుంది. దగ్గరివాడు నీ వస్తువు కావాలని అడిగితే లేదనడం సిగ్గుచేటు. మూడో నెలలో ఎవరో ఒకరు నీ చెప్పులు బాగున్నాయంటారు. మొదట్లో మనకు ఒళ్ళు మండుతుంది, "ఇదేం అడుక్కోవడం" అనిపిస్తుంది. కానీ ఇవాళ నీ చెప్పులడిగినవాడి ఇంట్లో నువ్వు నిన్న భోంచేసి ఉంటావు. వాడి దగ్గర పడవ ఉంటే రేపు వాడి బావమరిది పడవ అడుగుతాడు. బ్యాంకులు లేనిచోట జనం కరువును దాటేది ఇలాగే. ఇవ్వగలిగింది ఇచ్చెయ్. మిషన్ డబ్బు, ఫోను, సైకిలు నీవి కావు కాబట్టి అవి ఇవ్వలేనని చెప్పు, ఒప్పుకుంటారు. ఎప్పుడైనా నువ్వు కూడా ఏదైనా అడుగు. ఎప్పుడూ ఏమీ అడగనివాణ్ణి వాళ్ళు గొప్పవాడనుకోరు, పరాయివాడనుకుంటారు.

కంపానియన్‌తోనే అసలు పరీక్ష. పొద్దున ఆరున్నరకు లేచినప్పటినుంచి రాత్రి పదిన్నరకు పడుకునేదాకా ఒకరికొకరు కనపడుతూ, మాట వినపడేంత దూరంలో ఉండాలి. పెళ్ళయినవాళ్ళకు కూడా ఇంత బాధ లేదు! అతను టోంగా కుర్రాడు కావచ్చు, యూటా కుర్రాడు కావచ్చు. నమిలే చప్పుడు, గురక, తడి తువ్వాలు, ఇలాంటివాటి మీదే గొడవలన్నీ. వారానికోసారి కూర్చొని మాట్లాడుకోమని రూలుంది, దాన్ని మొక్కుబడిగా చేయకు. అక్కడివాడే కంపానియన్‌గా దొరికితే అదృష్టమే, కానీ అతన్ని నీ దుబాసీని చేసుకోకు. అగ్గిపెట్టె కొనడానికైనా నువ్వే వెళ్ళి నువ్వే అడుగు. ఆ భాషకు అక్షరాలు 13 మాత్రమే, చదవడం రెండు రోజుల్లో వస్తుంది, మాట్లాడటానికి మాత్రం పిల్లల వెంట పడాలి. పెద్దవాళ్ళు నీ తప్పుల్ని మర్యాద కోసం వదిలేస్తారు, పిల్లలు నవ్వి దిద్దుతారు.

చుట్టూ అంత నీలం నీళ్ళు పెట్టుకొని మన మిషనరీలకు ఈత కొట్టే అనుమతి లేదు. ఈ రూలు పెట్టినవాళ్ళు ఆ లగూన్‌ను చూశారో లేదో నాకు అనుమానమే. అయినా పాటించు. పడవెక్కితే లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకు, నవ్వేవాళ్ళను నవ్వనీ.

ఇక నీ పని. ఆ దీవుల్లో ఎక్కువమంది కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు. ప్రార్థన లేకుండా ముద్ద ముట్టరు. వాళ్ళకు యేసును కొత్తగా పరిచయం చేస్తున్నట్టు మాట్లాడకు. తబితేవేయా దీవిలో 1880ల మొదట్లో ఏం జరిగిందో తెలుసుకొని వెళ్ళు. హవాయి నుంచి వచ్చిన కాపు అనే బోధకుడి వెంట ఉత్తరం వైపు వాళ్ళు నడిచి, మతం మారని దక్షిణం వైపు వాళ్ళ మీద యుద్ధానికి దిగారు. ఎందరో చచ్చిపోయారు. బైబిలు పట్టుకొని వచ్చిన కుర్రాణ్ణి అక్కడి ముసలివాళ్ళు ఎందుకు అంత నింపాదిగా చూస్తారో అప్పుడు అర్థమవుతుంది. మన సంఘం అక్కడికి 1970లలో వచ్చింది, అది కూడా టోంగాలోని మన స్కూలుకు చదువుకోడానికి వెళ్ళిన కిరిబాస్ పిల్లల వల్లే. ఇవాళ తరావాలో మన హైస్కూలుంది, 2020లో దేవాలయం కూడా ప్రకటించారు. పని చేసింది ఎక్కువగా వాళ్ళ పిల్లలే, నువ్వు వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడుతున్నావు, అంతే. ఇంకో చర్చిని ఒక్క మాట తక్కువ చేసి అనకు. మన తాతయ్య చివరిదాకా బాప్టిస్టే, అయినా మనల్ని క్రిస్మస్ భోజనానికి పిలవడం ఏనాడూ మానలేదు కదా.

అమ్మ "అంత దూరం దీవులతో మనకేం సంబంధం" అంటే ఈ మాట చెప్పు. హైదరాబాదులో మన సంఘం వేళ్ళూనుకుంది సమోవా దీవి నుంచి. అక్కడ ఉద్యోగం చేస్తున్న ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1977లో ఈ విశ్వాసంలోకి వచ్చారు. 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి తమ బంధువులకు చెప్పారు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చింది ఎల్సీ గారి తండ్రి, ఆయనా బాప్టిస్టు పాస్టరే.

చివరగా ఫోన్ సంగతి. మా రోజుల్లో ఉత్తరాలే, ఫోన్ అంటే క్రిస్మస్‌కు ఒకటి, మదర్స్ డేకి ఒకటి. 2019 నుంచి మీకు వారం వారం ఇంటికి మాట్లాడే వీలుంది. తరావా మనకంటే ఆరున్నర గంటలు ముందు. నువ్వు సెలవురోజు పొద్దున పదింటికి చేస్తే ఇక్కడ తెల్లవారుజామున మూడున్నర, మీ అమ్మ అలారం పెట్టుకొని రాత్రంతా నిద్ర మానేస్తుంది. సాయంత్రం నాలుగింటికి చెయ్యి, ఇక్కడ తొమ్మిదిన్నర అవుతుంది. సిగ్నల్ లేని దీవికి పంపితే ఫలానా వారం నుంచి మాట్లాడలేనని ముందే చెప్పు, ఎదురుచూపులు తగ్గుతాయి. ఒకవేళ తూర్పున కిరితిమాతికి పంపితే ఈ లెక్కకు ఇంకో రెండు గంటలు కలుపుకో.

మీ మామయ్య