జీవిత ఖైదులో 14 ఏళ్లు: లెక్క ఎక్కడ తేడా వస్తుంది

హత్య కేసులో జీవిత ఖైదు పడిన మీవాళ్లకు జైల్లో 14 ఏళ్లు నిండినా ముందస్తు విడుదల జాబితాలో పేరు లేదంటే, బహుశా పెరోల్ రోజులే కారణం. ముందస్తు విడుదలకు జైల్లో నిజంగా గడపాల్సిన 14 ఏళ్లలో అవి కలవవని సుప్రీంకోర్టు 2023లో తేల్చింది.

1. ముందు జైలు సూపరింటెండెంట్‌కు అర్జీ పెట్టి నామినల్ రోల్ (ఖైదీ శిక్ష వివరాల పత్రం) తీసుకోండి. చాలామంది దీన్ని చూడకుండానే వకీలు దగ్గరికి పరిగెడతారు. అందులో మూడు అంకెలు విడివిడిగా చూడండి. రిమాండ్ రోజులు 14 ఏళ్లలో కలుస్తాయి. పెరోల్ కలవదు. సత్ప్రవర్తనకు ఇచ్చిన రెమిషన్ (శిక్ష తగ్గింపు) కూడా కలవదు. రిమాండ్ ఎక్కించడం మర్చిపోతే ఏడాది రెండేళ్లు గల్లంతవుతాయి, వెంటనే సవరించమని రాతపూర్వకంగా అడగండి.

2. శిక్ష పడిన నాటి రెమిషన్ పాలసీ జీవో వెతకండి. ఇప్పుడున్నది ఇంకా మేలైతే దాన్నీ కోరవచ్చు. గవర్నర్ క్షమాభిక్ష జీవోల షరతులు వేరు.

3. తీర్పులో ‘చనిపోయేవరకు’ అని ఉందేమో చూడండి. ఉంటే ఈ దారి పనిచేయదు.

14 ఏళ్లు నిండితే అర్హతే, విడుదల హక్కు కాదు. చనిపోయినవారి ఇంటివాళ్ల గోడూ ప్రభుత్వం వినాలి, అదే న్యాయం.

వకీలు ఖర్చు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా అర్జీ రాసిస్తారు.