ఎండిన పన్నెండు కుండీలు, బీరువాలో బొంత

ప్రశ్న (ఉత్తరం పొడుగ్గా ఉంది, కుదించి ఇస్తున్నాను): నాకు 47 ఏళ్లు. పుట్టింది పరకాల దగ్గర ఒక ఊళ్లో, ఇప్పుడు ఉండేది హన్మకొండలో. మా ఆయన పొద్దున తొమ్మిదికి ఆఫీసుకు పోతే రాత్రి ఏడుకు వస్తారు. బిడ్డ పెళ్లయింది, కొడుకు పోయినేడు హైదరాబాద్ హాస్టల్‌లో చేరాడు. తొమ్మిది తర్వాత ఇల్లు బోసిపోతుంది. వీడియోలు చూసి మార్చిలో మూడు వేలు పెట్టి పన్నెండు కుండీలు, పెటూనియా, గులాబీ మొక్కలు కొని డాబా మీద పెట్టాను. మే నెల అయ్యేసరికి ఒక్కటీ మిగల్లేదు. అన్నం తినేటప్పుడల్లా మా ఆయన "మూడు వేలు ఎండబెట్టినవ్" అంటారు. ఆడబిడ్డ ఫోన్ చేసినప్పుడల్లా "తోట ఎట్లుంది వదినా" అని నవ్వుతుంది. క్రోషియా మొదలుపెడితే తలనొప్పి వచ్చి సగంలో వదిలేశాను. మా అమ్మ కుట్టిన బొంత ఒకటి బీరువాలో ఉంది, అది కనబడితే ఏడుపొస్తుంది. నా వల్ల ఏదీ కాదనిపిస్తోంది. ఇంట్లోనే ఉంటూ సంతోషంగా ఉండేవాళ్లు ఎట్లుంటారు మేడమ్? మగ్గం వర్క్ కోచింగ్‌లో చేరమంటారా?

జవాబు:

చెల్లెమ్మా, ముందు మొక్కల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఆ పన్నెండు కుండీలను సాక్ష్యంగా పెట్టుకుని మీ మీద మీరే తీర్పు రాసేసుకున్నారు. పెటూనియా చలికాలం పువ్వు. దసరా, దీపావళి దాటాక నాటితే సంక్రాంతికి విరగబూస్తుంది, ఎండలు ముదిరాక దాని ఆయుష్షు అయిపోయినట్టే. మార్చిలో నర్సరీలో నిండా పూలతో ఉన్నది చూసి మీరు ముచ్చటపడి కొన్నారు, నిజానికి అప్పటికే అది చివరి పూత పూస్తోంది. గులాబీల సంగతి వేరు. అవి నర్సరీలో పచ్చ నెట్ కింద, నీడలో పెరిగినవి. వాటిని తెచ్చి ఏ నీడా లేని సిమెంటు స్లాబు మీద పెడితే, మే నెలలో మన వరంగల్ ఎండ 43, 44 డిగ్రీలు ఉంటుంది కదా, పైన ఎండ, కింద స్లాబు వేడి, చిన్న కుండీలో గుప్పెడు మట్టి, ఇంక వేరు ఎక్కడ దాక్కుంటుంది చెప్పండి. మధ్యాహ్నం పైపు తిప్పి నీళ్లు పోశానని కూడా రాశారు. ఆ పైపులో నిలిచిన నీళ్లతో చాయ్ పెట్టుకోవచ్చు! ఇవన్నీ ఎవరూ చెప్పకపోతే తెలిసే సంగతులు కావు. మేం సొంతింట్లోకి వచ్చిన మొదటి ఏడాది నేను మల్లెచెట్టుకు రోజూ రెండు పూటలా నీళ్లు పోసి, వేరు కుళ్లబెట్టి చంపాను. మీరు ఎండబెట్టారు, నేను ముంచాను, అంతే తేడా.

ఇక అసలు విషయం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొక్కల గురించి ఒక పేజీ పైనే రాశారు. వీడియోలో ఆమె బాల్కనీ ఎట్లుందో రాశారు, మీ ఆయన ఏమన్నారో రాశారు, ఆడబిడ్డ ఎట్ల నవ్విందో రాశారు, ఫోటో పెడితే ఎందరు చూశారో కూడా రాశారు. ఆ రెండు నెలల్లో ఒక్క పొద్దున్నైనా చెంబు పట్టుకుని పైకి పోతే మీకు ఎట్లా అనిపించిందో మాత్రం ఎక్కడా లేదు. బొంత గురించి ఒకే ఒక్క వాక్యం రాసి దాటేశారు. కానీ మొత్తం ఉత్తరంలో ఎవరు ఏమనుకుంటారో అనే మాట లేనిది ఆ వాక్యం దగ్గరే. నేను అక్కడే ఆగిపోయాను.

ఆ బొంతను బయటికి తీయండి. ఏడుపొస్తే రానివ్వండి, ఇంట్లో ఎవరూ ఉండరంటున్నారుగా, అదొక సౌకర్యం అనుకోండి. నేల మీద పరిచి నాలుగు వైపులా చూడండి. అందులో మీ అమ్మ చీరలు ఏవి, మీ నాన్న ధోవతి ముక్క ఏది, మీ చిన్నప్పటి గౌను ముక్క ఏమన్నా ఉందా. కుట్టు అంచు నుంచి మొదలై చుట్టూ తిరుగుతూ మధ్యకు వచ్చిందా, లేక అడ్డంగా వరసలు పోయిందా చూడండి. ఒక్కో ఇంట్లో ఒక్కో తీరు ఉంటుంది. ఒకచోట కుట్టు వంకరపోయి ఉంటుంది, దారం అయిపోయి ఇంకో రంగు దారం ఎక్కించి ఉంటుంది. అమ్మ దాన్ని విప్పి మళ్లీ కుట్టలేదు చూశారా, ఎందుకంటే చలికాలం వచ్చేలోపు పిల్లల మీద కప్పాలి.

మీరూ ఒకటి కుట్టండి. పెద్దది వద్దు, రెండు మూరలు పొడుగు, మూరన్నర వెడల్పు చాలు, పసిపిల్లల కిందికి సరిపోయేంత. మీ బిడ్డ ఇంకా పిల్లల మాట ఎత్తలేదని రాశారు, కాబట్టి దయచేసి "నీ కోసమే కుడుతున్నా" అని ఆమెకు ఫోన్ చేసి చెప్పకండి, పాపం, ఆ టెన్షన్ ఆమెకు ఎందుకు. ఊరికే కుట్టండి. నూలు చీరలే తీసుకోండి, ఎంత పాతవైతే అంత మెత్తన. సింథటిక్ చీరలైతే పొరలు జారిపోతాయి, కప్పుకుంటే చెమట. నాలుగు పొరలు పరిచి, ముడతలు లేకుండా చేత్తో సాపు చేసి, మూలల మీద ఏమన్నా బరువు పెట్టి, ముందు చుట్టూ పెద్ద పెద్ద కుట్లతో ఆపుకోవాలి. తర్వాత లోపలి కుట్లు. రోజుకు రెండు మూడు వరసలు వేస్తే చాలు. మనసు బాగుంటే నాలుగు, లేకపోతే సున్నా. మన బతుకమ్మకే తొమ్మిది రోజుల్లో ఆరో రోజు అలిగిన బతుకమ్మ ఉంది కదా, ఆ రోజు పేర్చరు, నైవేద్యం పెట్టరు. అంత పెద్ద పండుగలోనే అలక్కి ఒక రోజు ఇచ్చారు, మీరూ వారానికి ఒక రోజు అలగండి.

అన్నట్టు, క్రోషియాతో తలనొప్పి వచ్చిందన్నారు. ఈ మధ్య సూదిలో దారం ఎక్కించడానికి చెయ్యి దూరం పెట్టి చూస్తున్నారా? ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకున్నారా? అయితే అది చత్వారం. నలభై దాటాక దాదాపు అందరికీ వచ్చేదే. కళ్లు చూపించుకోండి, దగ్గరి చూపు అద్దాలు వేసుకోండి. "నా వల్ల కాదు" అని మనం పేరు పెట్టుకున్న వాటిలో కొన్ని రెండు అద్దాలతో తీరిపోతాయి, నవ్వులాటకు అనడం లేదు.

అలాగే ఇంకో మాట, ఇది తేలిగ్గా తీసుకోకండి. ఈ వయసులో నెలసరి తప్పడం మొదలవుతుంది, నిద్ర చెడిపోతుంది, ఊరికే కోపం, ఊరికే ఏడుపు. రక్తం తక్కువగా ఉన్నా, థైరాయిడ్ తేడా ఉన్నా అంతే, లేవబుద్ధి కాదు. ఒకసారి లేడీ డాక్టర్‌ను కలిసి ఆ పరీక్షలు చేయించుకోండి. రెండు వారాలు దాటి దేని మీదా మనసు పోవడం లేదు, తిండి సయించడం లేదు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది అనుకోండి, అప్పుడు బొంతలు, మొక్కలు కాదు మందు, ముందు మానసిక వైద్యుల దగ్గరికి పోవాలి. బతకడం దండగ అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకండి, 14416కు ఫోన్ చేయండి. టెలిమానస్ అని ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు.

మీ ఆయన మాట. రోజూ పళ్లెం ముందు అదే జోకు వేసే మనిషికి అది ఎదుటివాళ్లకు ఎక్కడ గుచ్చుకుంటుందో చాలాసార్లు తెలియదు. మీరు నవ్వి ఊరుకుంటున్నారు, ఆయనేమో మీకూ అది సరదాగానే ఉందనుకుంటున్నారు. తినేటప్పుడు ఎత్తకండి. ఆదివారం పొద్దున చాయ్ తాగుతున్నప్పుడు మామూలు గొంతుతో "ఆ మూడు వేల మాట ఇగ వద్దు, నాకు మనసుకు కష్టమైతుంది" అనండి. అంతకంటే ఒక్క వాక్యం కూడా ఎక్కువ వద్దు, పాతవి తవ్వకండి, వాళ్ల చెల్లెలిని మధ్యలోకి లాగకండి. ఆయన "నేనేమన్నా, ఊరికే అన్న" అంటారు. అననివ్వండి, మాట చేరిపోయింది. ఇంటి ఖర్చులో నెలకు ఒక మూడు నాలుగు వందలు మీ చేతిలో, లెక్క చెప్పనక్కర్లేకుండా ఉంచుకోండి. ఇరవై ఐదేళ్లు ఇల్లు నడిపిన మనిషి మట్టి కొనడానికి పర్మిషన్ అడగడం ఏమిటి, నాకైతే నచ్చదు. ఆడబిడ్డకు జవాబే అక్కర్లేదు. మళ్లీ అడిగితే "ఎండిపోయింది, మళ్లా పెడ్తున్న" అంటే సరి.

ఒకటి మాత్రం ఆయన తరఫున చెబుతాను. కొడుకు పోయాక ఇల్లు మీ ఒక్కరికే బోసిపోలేదు. ఆయనా రాత్రి ఆ గది తలుపు చూసే లోపలికి వస్తారు. మగవాళ్లు కొందరు దాన్ని కూడా జోకుల్లోనే దాస్తారు.

మగ్గం వర్క్ కోచింగ్‌లో చేరాలా అని అడిగారు. కొత్త ఫీజు కట్టి, స్టాండూ పూసలూ కొని, అది కూడా సగంలో ఆగితే మీ ఇంట్లో ఇంకో అంకె పుడుతుంది. ఇప్పుడు వద్దు. ముందు డబ్బు పెట్టకుండా ఒకసారి కొత్తవాడ పోయి రండి, మీకు ఆటోలో ఎంతసేపని. అక్కడ జంపఖానాలు నేసే మగ్గం దగ్గర, వాళ్లను అడిగి, ఒక అరగంట ఊరికే నిలబడండి. 2018లో వరంగల్ జంపఖానాకు జీఐ గుర్తింపు (ఈ సరుకు ఫలానా ఊరిదే అని ఇచ్చే ప్రభుత్వ గుర్తింపు) వచ్చిందని గొప్పగా చెప్పుకుంటాం గానీ, అది నేస్తుంటే చూసినవాళ్లు మనలో ఎంతమంది? చేతులు చేసే పని చూస్తూ నిలబడితే మనసు దానంతటదే కొంచెం నెమ్మదిస్తుంది. ఆ తర్వాత కూడా కోచింగ్ మీదే మనసుంటే దసరా దాటాక చేరండి. అయితే పని కోసం కంటే పక్కన కూర్చునే ఆడవాళ్ల కోసం చేరండి.

ఎందుకంటే మీకు కరువైంది పని ఒక్కటే కాదని నాకు అనుమానం. మీ ఊళ్లో సంక్రాంతికి సకినాలు ఎట్ల చుట్టేవాళ్లు, గుర్తు చేసుకోండి. ఒక్కరే కూర్చుని చుట్టేవారా? వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి, తడిబట్ట చుట్టూ కూర్చుని, ఇయ్యాల మీ ఇంట్లో, రేపు మా ఇంట్లో. పిండి కంటే ముచ్చట్లే ఎక్కువ. బొంతలు కూడా అంతే, అమ్మ పక్కన ఇంకెవరో ఒకరు కూర్చునే ఉంటారు. మీ వీధిలో పగలు ఇంట్లో ఉండే ఇంకో ఇద్దరు తప్పకుండా ఉంటారు, వాళ్లూ తొమ్మిది తర్వాత టీవీ పెట్టుకుని గోడ చూస్తుంటారు. "నాలుగు పొరలు సాపుగా పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి, రారాదు" అని ఒకరిని పిలవండి. మొదటిసారి పిలవడానికి మొహమాటంగా ఉంటుంది, నిజమే. చాయ్ పెడతానని చెప్పండి.

ఇప్పుడు కుండీలు. పారెయ్యకండి. మిరుగం (మృగశిర కార్తె) దాటింది, వానలు మొదలయ్యాయి, మన దగ్గర మొక్కకు ఇంతకంటే మంచి కాలం లేదు. పాత మట్టి కుమ్మరించి, గడ్డలు చితక్కొట్టి, ఎండిన వేర్లు ఏరేసి, రెండు తట్టల మట్టికి ఒక తట్ట మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక కలపండి. పచ్చి పెండ వద్దు, వేడికి వేరు మాడుతుంది. కుండీలను స్లాబు మీద నేరుగా పెట్టకుండా ఇటుకల మీద పెడితే కిందికి గాలి ఆడుతుంది, స్లాబు తడిసి ఉరుస్తుందని మీ ఆయన అనడానికీ ఉండదు. పన్నెండూ నింపొద్దు. నాలుగు చాలు. ఒకదాంట్లో పుంటికూర (గోంగూర), ఒకదాంట్లో తోటకూర, ఒకదాంట్లో బచ్చలి తీగ ముక్క గుచ్చండి. తోటకూర నెల రోజుల్లో కోతకొస్తుంది, పుంటికూరకు ఇంకో పది పదిహేను రోజులు. మెంతి, కొత్తిమీర ఇప్పుడు వేస్తే వానకు కుళ్లిపోతాయి, చలి మొదలయ్యాక వేసుకోండి. నీళ్లు పొద్దున్నే, అదీ మట్టిలో వేలు పెట్టి చూసి, లోపల పొడిగా ఉంటేనే. మొదటి నలభై రోజులు ఫోటో తీయకండి, ఆడబిడ్డకే కాదు, ఎవరికీ పంపకండి.

నాలుగో కుండీలో బంతి. విత్తనం కొనక్కర్లేదు, నిరుడు దసరాకు కట్టిన తోరణం ఎండిపోయి గుమ్మానికి ఇంకా వేలాడుతుంటే (మా ఇంట్లో అయితే ఉంది) ఆ పూలను చేత్తో నలిపితే నల్లటి సన్నని పుల్లల్లాంటివి రాలతాయి, అవే విత్తనాలు. జూలై మొదట్లో చల్లితే దాదాపు రెండు నెలలకు పూత మొదలవుతుంది, ఎంగిలిపూల నాటికి, అంటే బతుకమ్మ మొదటి రోజుకు, మీ తాంబాళంలోకి సరిపోతుంది. తంగేడు, గునుగు మాత్రం ఊరికి పోయి తెచ్చుకోండి, అవి కుండీలో పెంచే పూలు కావు, పరకాల ఎంత దూరమని. ఆకుల కింద తెల్లగా దూదిలాగ కనబడితే అది పిండినల్లి, కంగారుపడి మందుల షాపుకు పరుగెత్తకండి, లీటరు నీళ్లలో ఒక చెంచా వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. రెండుసార్లు కొట్టినా పోకపోతే నాకు మళ్లీ రాయండి.