తిరిగే మంచం సంగతి తర్వాత, ముందు మొదటి అంకం

చిరంజీవికి ఆశీస్సులు.

జార్జ్ ఫేదో 1907లో పారిస్‌లో ఆడించిన ‘లా ప్యూస్ ఆ లోరేయ్’ ప్రహసనానికి నువ్వు చేసిన తెలుగు ప్రతి చదివాను. మాటలు బాగా కుదిరాయి. కానీ నాటక పరిషత్తు పోటీ టైముకి సరిపెట్టాలని మొదటి అంకం సగం కోసేశావు. కొంప ముంచేది అదే.

మొగుడి సస్పెండర్లు హోటల్ నుంచి పోస్టులో తిరిగి రావడం, పెళ్లాం అనుమానం, స్నేహితురాలి చేత రాయించిన ప్రేమలేఖ, ఆ చేతిరాత పోల్చుకుని మండిపడే స్పెయిన్ మొగుడు: రెండో అంకంలో హోటల్ పరుగులన్నీ వీటి మీదే నడుస్తాయి. ఒక్కటి ఎగిరిపోయినా, పిస్తోలు పట్టుకొచ్చినవాడు ఎవడా అని జనం పక్కవాణ్ణి అడుగుతారు. ఆ పూటకి నవ్వు పోయినట్టే. తగ్గించాలంటే హోటల్లో దిగిన రగ్బీ అనేవాడి అరుపులు తగ్గించు.

అంగిలి లోపంతో పుట్టిన పాత్ర కమీల్‌కి, నోట్లో వెండి అంగిలి పెట్టుకోనప్పుడు హల్లులు పలకవు. ‘రేపు రా’ అన్నది ‘ఏఉ ఆ’ అవుతుంది. నటుడు ముందు అసలు వాక్యం కంఠతా పట్టి, తర్వాత హల్లులు రాల్చాలి. నత్తి పెట్టనియ్యకు. అతని లోపం మీద కాదు, అర్థమైనట్టు తలూపేవాళ్ల మీద నవ్వు రావాలి.

ఇక మంచం, అదే, మీట నొక్కితే గోడతో సహా తిరిగి పక్కగది మంచాన్ని ఇటు తెచ్చే హోటల్ మంచం. 8×4 ప్లైవుడ్ షీట్లు రెండు కలిపి ఎనిమిదడుగుల గుండ్రం కోయించు. నడుమ గోడ, దానికి చెరోవైపు ఒక మంచం. ఆరడుగుల మంచానికి వెడల్పు రెండున్నర దాటకూడదు. మూడడుగులైతే మూలలు గుండ్రం దాటి మూడంగుళాలు బయటికొస్తాయి, సెట్టు గోడని గీరతాయి. చక్రాలు అటూ ఇటూ తిరిగే రకం వద్దు, బిగింపువి వృత్తం వెంట దొర్లేలా వేయించు. సగం తిరిగాక ఆగడానికి అడ్డుకొయ్య మరిచిపోకు.

మొగుడు షాండబీజ్, అచ్చం అతనిలాగే ఉండే హోటల్ పనివాడు పోష్, ఇద్దరూ ఒకే నటుడు. 1968 సినిమాలో రెక్స్ హారిసన్‌కి ఆ పని కెమెరా చేసిపెట్టింది. నీకు చేసేది వింగ్ వెనక నిలబడ్డ మనిషే. పోష్ కోటు, చొక్కా కాలరు కలిపి ఒకే ముక్కగా కుట్టించి వెనక వెల్క్రో పెట్టించు. టార్చి పట్టుకుని ఒకరు, తొడిగేవారు ఒకరు. వేషం మార్చడానికి పదిహేను సెకన్లు మించితే, రంగం మీదున్నవాళ్లకి రెండు వాక్యాలు అదనంగా రాయి.

రిహార్సల్ మొదటిరోజే తలుపు చట్రాలు నిలబెట్టు. సెట్టు గోడలుగా నిలబెట్టే గుడ్డ ఫ్లాట్లకి బిగించిన తలుపు ధడాలున వేస్తే గోడంతా ఊగుతుంది. ప్రతి చట్రం వెనక ఊతకర్ర, దాని కాలి మీద ఇసుక సంచీ ఉండాలి.

కోసిన పేజీలు కలిపి మళ్లీ పంపు.

మీ బాబాయి