దివ్యచ్ఛాయ అంటే వెలుగా, నీడా?

సందేహం: ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో గీసిన ‘మత్తయి పిలుపు’ చిత్రం గురించి ఒక వ్యాసంలో ‘దైవ జోక్యానికి గుర్తుగా మత్తయి ముఖంపై దివ్యఛాయ పడింది’ అని ఉంది. ఛాయ అంటే నీడ కదా? అక్కడ పడింది వెలుగు. ఇది తప్పు కాదా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: ముందు ‘దివ్యచ్ఛాయ’ అని రాయమనండి. ఇక అర్థం సంగతి. తప్పని తోసిపుచ్చలేను. ‘ఛాయా సూర్యప్రియా కాంతిః ప్రతిబింబమనాతపః’ అన్నాడు అమరకోశం అనే సంస్కృత నిఘంటువు రాసిన అమరసింహుడు. సూర్యుడి భార్య, కాంతి, ప్రతిబింబం, ఎండ లేకపోవడం, నాలుగూ ఛాయే. నాలుగో అర్థాన్ని రోహిణి కార్తెలో గుంటూరు వారికి ఎవరూ వివరించనక్కరలేదు. రెండోదే మీ వ్యాసకర్తకు దన్ను. మేనిఛాయ అన్నప్పుడు మనం తలచేదీ నీడను కాదు. ‘ఆ ఛాయలకు పోకు’ అన్నప్పుడు దాని దారి వేరు.

అయినా ఆ చిత్రానికి ఆ మాట అతకదు. 1599–1600లో రోములోని సాన్ లుయీజీ చర్చి కోసం గీసినది. సుంకరి మత్తయిని క్రీస్తు తన శిష్యుడిగా పిలిచే ఘట్టం. సుంకపు మెట్టు దగ్గర బల్ల చుట్టూ మనుషులు, బల్ల మీద నాణేలు. గోడకు కిటికీ ఉంది గాని వెలుగు అందులోంచి రాదు; కుడివైపు, పైనుంచి, పటం అంచు అవతలి నుంచి వస్తుంది. చెయ్యి చాపిన క్రీస్తు మాత్రం సగానికి పైగా చీకట్లోనే నిలబడ్డాడు. (వారిలో మత్తయి ఎవరన్న తగవు కళావిమర్శకులకు వదిలేద్దాం.) ఆ అంచు చూసినప్పుడల్లా నాకు పోతన గజేంద్రుడే గుర్తొస్తాడు:

‘అలోకంబగు పెం
జీకటి కవ్వల నెవ్వం
డేకాకృతి వెలుగు నతని నే సేవింతున్’

లోకాలు, లోకేశులు, లోకస్థులు అందరూ పోయాక మిగిలే చీకటి ఇది. అందుకే ఉత్త చీకటి చాలలేదు, పెంజీకటి అన్నాడు. దానికి ‘అవ్వల’ అన్నాడు, ‘లోపల’ అనలేదు. ఇక్కడ ‘వెలుగు’ నామవాచకం కాదు, క్రియ, అతడు వెలుగుతాడు. తెలుగులో వెలుగుకు దక్కిన ఈ సౌకర్యం నీడకు లేదు, ఛాయకూ లేదు. నేనైతే ‘వెలుగు పడింది’ అని ఊరుకుంటాను. సంస్కృతం మీద మోజు ఉన్నవారు దివ్యచ్ఛాయ అంటే అమరుడు అడ్డురాడు.

నాకు అసలు మింగుడుపడనిది ‘దైవ జోక్యం’. జోక్యం చేసుకునేవి కోర్టులు, పోలీసులు, పక్కింటివారు. సిరికైనా చెప్పకుండా పరుగెత్తి వచ్చినవాడిది జోక్యమా? ఆదుకున్నాడు, అడ్డుపడ్డాడు, కరుణించాడు, పిలిచాడు... ఇన్ని క్రియలుండగా పత్రికలవారికి ఆ ఒక్క మాటే ఎందుకు దొరుకుతుందో!