హమ్ వస్తే ఎర్త్ పిన్ను జోలికి పోకు

చిట్టీ,

నువ్వు బీచ్ రోడ్డులో బేస్ గిటార్ వాయించబోతున్నావనీ, అందుకోసం యాంప్‌ల ధ్వనిని అనుకరించే ఏదో మోడలర్ పెట్టె కూడా కొన్నావనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "అంత డబ్బు పోసి కొంది, ఇంతా చేస్తే కాలితో తొక్కడానికట!" అని విసుక్కుంది గానీ, గొంతులో సంబరం దాగలేదు. నాకూ అలాగే ఉంది. ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడి వైపు ఎవరూ చూడరు, వాడు ఆపేసినప్పుడు మాత్రం పాట ఎందుకు చప్పబడిందా అని దిక్కులు చూస్తారు. ఆ చోటే కావాలని ఎంచుకున్నావంటే నువ్వు నా మేనకోడలివే.

తెలిసిన సంగతులే, ఒకసారి చదివి వదిలెయ్. అదనంగా ఒక కేబులు, ఒక అడాప్టర్ సంచిలో ఉండాలి. ఎవరిదో అడాప్టర్ అరువు తెచ్చుకుంటే వోల్టులు, మిల్లీయాంపులు, ప్లస్సు మైనస్సుల గుర్తు చూడకుండా గుచ్చకు. సముద్రపు గాలికి తీగలూ జాకులూ తుప్పు పడతాయి, వాయించడం అయిపోగానే పొడిగుడ్డతో తుడువు.

ఇక మోడలర్ సంగతి. అది యాంప్‌నే కాదు, స్పీకర్ క్యాబినెట్‌ను కూడా అనుకరిస్తుంది. నీ యాంప్‌కు నిజమైన స్పీకర్లు ఎలాగూ ఉన్నాయి. రెండూ కలిస్తే ధ్వని దుప్పటి ముసుగులోంచి మాట్లాడినట్టు ఉంటుంది. అందుకని యాంప్‌కు వెళ్లే దారిలో క్యాబినెట్ సిమ్యులేషన్ ఆపెయ్, అందరి ధ్వనినీ కలిపి పెద్ద స్పీకర్లకు పంపే మిక్సర్‌కు వెళ్లే దారిలో ఉంచు. యాంప్ వెనక ఎఫెక్ట్స్ రిటర్న్ జాక్ ఉంటే అందులో పెట్టు. అప్పుడు యాంప్ ముందుభాగంలోని బేస్, ట్రెబుల్ నాబ్‌లు పనిచేయవు, కొన్నిటిలో మాస్టర్ వాల్యూమ్ కూడా పనిచేయదు. కాబట్టి ముందు మోడలర్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, తర్వాతే యాంప్ ఆన్ చెయ్.

రాత్రిపూట హెడ్‌ఫోన్లలో, పక్కింటివాళ్లు లేవకుండా చేసుకున్న ప్యాచ్‌ను, అంటే మోడలర్‌లో దాచుకున్న ధ్వని అమరికను, నమ్మి స్టేజీ ఎక్కకు. శబ్దం చిన్నగా ఉన్నప్పుడు చెవికి కింది స్వరాలు తక్కువగా వినిపిస్తాయని బెల్ ప్రయోగశాలల్లో ఫ్లెచర్, మున్సన్ 1933లోనే కొలిచి చూపించారు. ఇంట్లో నిండుగా ఉందనిపించిన బేస్, వాల్యూమ్ పెంచితే బురదైపోతుంది. రిహార్సల్‌లో డ్రమ్స్ మోగుతుండగానే ప్యాచ్ సరిచేసుకో. నీది నాలుగు తీగల గిటారేగా, కింది తీగ 41 హెర్ట్జ్. అంతకంటే కింద ఉన్నది అదురే తప్ప సంగీతం కాదు, హైపాస్ ఫిల్టర్ పెట్టి కోసెయ్.

ఇప్పుడు అసలు సంగతి. దీన్ని మాత్రం రెండుసార్లు చదువు.

మోడలర్ నుంచి ఒక కేబులు యాంప్‌కూ, ఇంకొకటి మిక్సర్‌కూ వెళ్తాయి. ఆ యాంప్, మిక్సర్ వేరువేరు చోట్ల ఎర్త్ అయితే గుయ్‌మని హమ్ మొదలవుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, నీ కింది తీగ మూడో ఫ్రెట్ మీద పలికే జీ స్వరం 49. ఆ రెండూ కలిస్తే శ్రుతి తప్పినట్టే ఉంటుంది, ఎవరికైనా చిరాకు పుడుతుంది. ఆ చిరాకులోనే మనుషులు తెలివితక్కువ పనులు చేస్తారు.

మా ఆర్కెస్ట్రాలో రిథమ్ గిటార్ వాయించే ఆయన నీకు గుర్తున్నాడా? చిన్నప్పుడు నువ్వు గళ్లచొక్కా మామయ్య అనేదానివి. పాతనగరంలో ఒక శ్రీరామనవమి పందిట్లో ప్రోగ్రాం. జనరేటర్ మీద కరెంటు. ఆయన యాంప్ హమ్ ఆగడం లేదు. కటింగ్ ప్లేయర్ అడిగి తీసుకుని, ప్లగ్గు పైనున్న లావు పిన్నును విరిచేశాడు. హమ్ టక్కున ఆగింది. మేమందరం భలే అన్నాం! నాలుగో పాటలో కోరస్ కోసం మైకు దగ్గరికి వంగాడు. పెదవి మైకు జాలీకి తగిలింది. గొంతులోంచి శబ్దం రాలేదు, చేయి మాత్రం గిటార్ మెడను వదలలేదు. పాటకు ఊగుతున్నాడనుకున్నారు జనం. డ్రమ్స్ అబ్బాయి లేచి ప్లగ్గు లాగేదాకా మాకూ అర్థం కాలేదు. తర్వాత ఆయన ఎడమచేతి వేళ్లు విప్పి చూస్తే, తీగలు ఆనిన చోటల్లా సన్నటి నల్లగీతలు. ఆ చేతిని నేను నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బతికాడు. ఎర్త్ పిన్ను లేకపోయేసరికి యాంప్‌లో లీకైన కరెంటు గిటార్ తీగల్లోంచి, ఆయన ఒంట్లోంచి మైకు దాకా పారింది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వే అనే గిటారిస్టు స్టేజీ మీదే, ఇలాగే మైకు తగిలి పోయాడు.

నీకు ఇంకో మెలిక ఉంది. మోడలర్ అడాప్టర్ చూడు, చాలావాటికి రెండే పిన్నులుంటాయి. నీ తీగలకు ఎర్త్ అందేది ముఖ్యంగా యాంప్‌కు వెళ్లే కేబులు గుండానే. యాంప్ ఎర్త్ తీసేస్తే నీకు దిక్కులేదు. హమ్ పోవడానికి మంచి దారి ఉండగా ఈ పాపం ఎందుకు? మోడలర్ మీద మిక్సర్‌కు వెళ్లే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ పక్కన గ్రౌండ్ లిఫ్ట్ అనే చిన్న స్విచ్ ఉంటుంది, కొన్నిటిలో మెనూలో ఉంటుంది. అది మిక్సర్ వైపు లంకెను మాత్రమే తెంపుతుంది, యాంప్ ఎర్త్ అలాగే ఉంటుంది. యాంప్, మిక్సర్ రెండిటికీ ఒకే చోటి నుంచి కరెంటు ఇప్పిస్తే చాలాసార్లు అదీ అక్కర్లేదు.

పొడి ఇసుకలో పాతిన ఎర్త్ రాడ్డు పేరుకే ఉంటుంది, తడి తగిలేదాకా దింపమని మీ ప్రోగ్రాంకు కరెంటు ఇచ్చే జనరేటర్ అబ్బాయికి చెప్పు. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్ ఉందా అని అడిగి, టెస్ట్ బటన్ నీ ఎదుటే నొక్కించు. మైకు ముందు నిలబడే ముందు టెస్టర్‌తో జాలీని తాకి చూడు. వెలిగితే వాయించకు. ఎంత పెద్దమనిషి కసిరినా సరే, గిటార్ సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చెయ్. నిన్ను ఎవరైనా ఏమన్నా అంటే నేను చూసుకుంటాను.

కోప్పడ్డానని అనుకోకు. నీ వేళ్లు చిన్నప్పుడు నా గిటార్ తీగల మధ్య ఇరుక్కుంటేనే తట్టుకోలేకపోయాను.

జనరేటర్ అబ్బాయి ఫోను నంబరు పంపించు, నేనే మాట్లాడతాను. సిగ్గుపడకు, నీ పేరు చెప్పనులే.

మీ మామయ్య