ఆ డబ్బాలకి మీటర్ పెట్టకు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి, "నీ మేనకోడలు ఎర్రగడ్డ సంతలో తుక్కు కొనుక్కొచ్చి మంచం నిండా పరిచింది, అడిగితే ప్రీఆంపో ఏదో అంటోంది" అని గోల పెట్టింది. ఫోటో కూడా పంపింది. కళ్లజోడు పెట్టుకుని చూసి, లేచి కూర్చున్నాను. నలభై ఏళ్ల కింద నా చేతుల్లో తిరిగినవాటిలాంటి కార్డులవి, మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే పాత మిక్సర్ కార్డులు. మన ఇంట్లో ఇంకొకరికి ఈ పిచ్చి పట్టిందని ఒళ్లు పులకరించింది. వెంటనే టెన్షన్ పట్టుకుంది. ఎందుకో కిందకి చదివితే తెలుస్తుంది.

నాలుగు కార్డుల్లో రెండింటి మీదే లోహపు డబ్బాలు, అంటే ట్రాన్స్‌ఫార్మర్లు, కనిపిస్తున్నాయి. మిగతా రెండింటివీ మిక్సర్ ఫ్రేముకే బిగించి ఉంటాయి. 1970లో వచ్చిన నీవ్ 1073 అనే పేరుమోసిన ప్రీఆంప్‌లో కూడా అంతే, బీఏ283 అనే ఆంప్ కార్డు ఒకచోట, ట్రాన్స్‌ఫార్మర్లు మరోచోట. వచ్చే ఆదివారం ఆ అమ్మినాయన దగ్గరికే వెళ్లి మిగిలిన ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కడున్నాయో అడుగు. అవి లేకపోతే ఆ రెండు కార్డులూ ఎద్దుల్లేని బండి. అన్నట్టు, కనిపించిన ప్రతిదాన్నీ నీవ్ అనుకుని మురిసిపోకు. పెద్ద 2ఎన్3055 ట్రాన్సిస్టర్ ఉన్నంత మాత్రాన నీవ్ అయిపోదు.

కార్డు మీద నంబరు ఉంటే రాసుకో, లేకపోతే వెనక లైటు పెట్టి రాగి దారులు చూస్తూ సర్క్యూట్ గీసుకో. ఒక్క సాయంత్రం పని. పెద్ద కెపాసిటర్ మీద 35 లేదా 40 వోల్టులని ఉంటే సప్లై దాదాపు 24 వోల్టులు అనుకోవచ్చు. దాని ప్లస్ కాలు ఎటు పోతోందో చూడు. గ్రౌండ్ రాగిలోకే, అంటే అన్నిటికీ ఉమ్మడిగా ఉండే దారిలోకే, పోతుంటే అది ప్లస్ గ్రౌండ్ కార్డు, పాత జర్మేనియం ట్రాన్సిస్టర్ల రోజుల్లో మామూలే. చూసుకోకుండా తిరగేసి సప్లై ఇచ్చావంటే పొగే. ఎండిపోయిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లన్నీ మార్చెయ్, కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. సోల్డ్రాన్ 25 వాట్ల ఐరన్ చాలు, ఎక్కువ వేడి పెడితే పాత బోర్డు రాగి ఊడి వస్తుంది. టంకం పని అయ్యాక చేతులు కడుక్కోకుండా అన్నం తినకు, అందులో సీసం ఉంటుంది. మీ అమ్మకి చెప్తాను, కాపలా కాస్తుంది.

ఇక నా భయం సంగతి.

నాకు 24 ఏళ్లప్పుడు ఒక రికార్డింగ్ గదిలో పనిచేసేవాణ్ని. నాలుగు ఛానెళ్ల మిక్సర్, అందులో ఒక ఛానెల్ పలకడం మానేసింది. మొదటి జీతంతో కొన్న సాన్వా మీటర్ నా బ్యాగులో మెరుస్తోంది. ఓమ్స్‌లో, అంటే నిరోధం కొలిచే చోట, ×1 రేంజి పెట్టి ఆ ఛానెల్ ట్రాన్స్‌ఫార్మర్ తీగచుట్టలు కొలిచాను. బాగానే ఉన్నాయి. పోల్చి చూద్దామని మిగతా మూడూ కొలిచాను! బాగున్నవాటి జోలికి ఎందుకెళ్లావురా అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. చివరికి తేలిందేమిటంటే స్విచ్ దగ్గర ఒక తీగ తెగింది, అంతే.

మర్నాడు మృదంగం రికార్డింగ్. విద్వాంసుడాయన హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్క నిమిషం విని, "నాయనా, నా తొప్పి తాంబూలం నములుతోందేమిటి?" అన్నాడు. ఎడమ వైపు తొప్పి పలికే గుమకీ, ఆ మంద్రనాదం, అంతా ముద్దగా, గరగరగా వస్తోంది. మైకు మార్చాను. కేబుల్ మార్చాను. కెపాసిటర్లు మార్చాను. ఎనిమిది రోజులు. ఆఖరికి మా సీనియరొకాయన వచ్చి ఒకే ఒక మాట అడిగాడు, "దేంతో ముట్టుకున్నావ్?"

మైకు నుంచి వచ్చేది మిల్లీవోల్టులు. దానికోసం ట్రాన్స్‌ఫార్మర్ లోపల, తీగచుట్టల మధ్యలో, మ్యూ మెటల్ అనే సుతిమెత్తని లోహపు కోర్ పెడతారు. నా మీటర్ ఆ రేంజిలో పదుల మిల్లీ ఆంపియర్ల డీసీ తోసింది. కోర్‌కి అయస్కాంతం పట్టేసింది. కింది స్వరాలు అక్కడే పాడవుతాయి. దాన్ని వదిలించడానికి మా సీనియర్ ఆసిలేటర్‌ని, అంటే టోన్ పుట్టించే పెట్టెని, 30 హెర్ట్జ్‌లో పెట్టి, లెవెల్ బాగా పెంచి, గుండ్రటి నాబ్‌ని ఊపిరి బిగబట్టి సున్నాకి దించాడు. ఒక్కో డబ్బాకీ అలాగే. మూడు బాగుపడ్డాయి. నాలుగోది ఇంకా గరగరమంటోందని ఆయన వెళ్లాక నేనే మూత విప్పాను. లోపల తీగ వెంట్రుక కంటే సన్నం. నా గోరు తగిలింది, టప్. అలాంటిది మళ్లీ ఎక్కడా దొరకలేదు.

ఇప్పటి డిజిటల్ మీటర్లు పంపే కరెంటు తక్కువే. అయినా నా మాట విను, ఆ డబ్బాలకి ఓమ్స్ వద్దు. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ నుంచి 400 హెర్ట్జ్ టోన్ ప్రైమరీకి, అంటే మైకు వైపు చుట్టకి, 0.1 వోల్టు ఇచ్చి, సెకండరీలో, అంటే అవతలి చుట్టలో, ఏసీ వోల్టులు కొలువు. 1 వోల్టు వస్తే నిష్పత్తి 1:10, అంటే ట్రాన్సిస్టర్‌కి పని చెప్పకుండానే 20 డెసిబెల్స్ పెరిగింది. ఇంపెడెన్స్, అంటే ఏసీకి ఎదురయ్యే నిరోధం, వంద రెట్లు, 200 ఓమ్స్ కాస్తా 20,000 అవుతుంది. 1000 హెర్ట్జ్ పెట్టకు, చవక మీటర్లు అక్కడ తప్పు చెప్తాయి.

48 వోల్టుల ఫాంటమ్, అంటే మైకు తీగల్లోంచే మైకుకి ఇచ్చే సప్లై, పెట్టేటప్పుడు ఆ రెండు 6.8 కిలో ఓమ్స్ రెసిస్టర్లు కొలిచి జత చెయ్, 0.4 శాతంలోపు కలవాలి. ఐదు శాతంవి వేస్తే రెండు వైపులా కరెంటు తేడా వచ్చి, ఆ తేడా వల్ల ప్రైమరీలోంచి డీసీ పారుతుంది. నా మీటర్ చేసిన పనే, కాస్త నెమ్మదిగా. మెయిన్స్ సప్లై డబ్బా మాత్రం నేను వచ్చేదాకా విప్పకు, మొదటిసారి సిరీస్ లాంప్, అంటే కరెంటు దారిలో వరసగా ఒక బల్బు, పెట్టి నా ముందే వెయ్యాలి. ఇది సలహా కాదు.

ఈ ఉత్తరంతో పాటు ఒక చిన్న స్టీలు డబ్బా పంపుతున్నాను. అందులో ఉన్నది నా నాలుగో ట్రాన్స్‌ఫార్మర్. చచ్చిందే కాబట్టి కసితీరా విప్పి చూడు, తీగని వేలి మీద పెట్టి చూడు, ఓమ్స్ పెట్టి కొలువు కూడా. నీ మంచం మీద ఉన్నవాటిని మాత్రం విప్పకు. డబ్బా మీ అత్తయ్య పోపులపెట్టెలోది, ఆవిడ చూడకముందే తిరిగి పంపు.

నీ
మావయ్య